వంగిన ముద్ర

అక్టోబరు 2

ఈ పుస్తకం ఎవరికీ చూపించను. మాటల పుస్తకం వేరే ఉంది. కొత్తగా దొరికిన మాటలు అందులో తేదీ వేసి రాసుకుంటాను, అది ఎవరు చూసినా ఫరవాలేదు. ఇది మాత్రం నాకే.

ఇవాళ ఇసొబె మాస్టారు వ్యాసానికి విషయం ఇచ్చారు. "మీరు రోజూ తిరిగే చోటు అయ్యుండాలి. ఊరు మరిచిపోయిన చోటు కూడా అయ్యుండాలి. నవంబరు పదిలోపు ఇవ్వండి." క్లాసంతా మూలిగింది. నేను మూలగలేదు. నాకు వెతుక్కునే పని లేదు. ఊరు మరిచిపోయిన చోటే నేను రోజూ నిద్రపోతున్నాను.

మా ఇళ్ళ వరస కాలువ పక్కన లేదు, కాలువ మీదే ఉంది. యుద్ధం అయ్యాక బజారువాళ్ళకి నేల దొరక్కపోతే, పొలాలకు పోయే ఈ కాలువ మీద కట్టుకోండని నగరంవాళ్ళు అనుమతి ఇచ్చారట. కింద కొట్లు, పైన రెండంతస్తుల కాపురాలు, అటు చివర నుంచి ఇటు చివరకు మూడు వందల అడుగులు నడవాలి. కాలువ ఎక్కడ వంగితే వరస అక్కడ వంగింది. అందుకని మా గదుల్లో ఏ మూలా సరైన మూల కాదు. నా గదిలో ఒక చాపను పుచ్చకాయ ముక్కలా ఏటవాలుగా కోసి ఇరికించారు. ఇప్పటి చట్టం నీళ్ళ మీద ఏమీ కట్టనివ్వదు. ఉన్నది ఉన్నన్నాళ్ళు ఉంటుంది, ఒకసారి కూలిస్తే మళ్ళీ లేదు.

మొదటి వాక్యం ఆరుసార్లు రాసి కొట్టేశాను. ఏడోసారి ఇది వచ్చింది: "మా ఇంటికి నేల లేదు."

దీన్ని కొట్టెయ్యను.

అక్టోబరు 5

కాలేజీకి దగ్గరని అమ్మ నన్ను పెద్దమ్మ దగ్గర ఉంచి ఆరు నెలలయింది. కినుయె పెద్దమ్మ గుండీలు అమ్ముతుంది. ఇంకేమీ అమ్మదు. గోడంతా చెక్క సొరుగులు. లోపల ఏముందో తెలియడానికి ప్రతి సొరుగు మొహాన ఒక గుండీ కుట్టి ఉంటుంది. రెండు కళ్ళవి, నాలుగు కళ్ళవి, కళ్ళు లేకుండా వెనక కాలు ఉన్నవి. "కాలున్న గుండీ" అన్న మాట నా పుస్తకంలో ఎక్కింది.

సాయంత్రం ఒకావిడ కోటు తెచ్చింది.

"ఇలాంటిదే కావాలండీ. ఒక్కటే ఊడిపోయింది."

పెద్దమ్మ కోటు చేతిలోకి కూడా తీసుకోలేదు. వెనక్కి తిరక్కుండా చెయ్యి చాపి సొరుగు లాగి, గుండీ తీసి బల్ల మీద పెట్టింది. అచ్చం అదే. "ఒక్కటే ఊడిందని అందరూ అంటారు. మిగతా నాలుగూ లాగి చూసుకో తల్లీ, అవీ వదులయ్యే ఉంటాయి."

లాగి చూస్తే నిజంగానే రెండు వదులుగా ఉన్నాయి.

నాకు ఈ ఇంట్లో మూడు పనులు. బియ్యం కడగడం, దుకాణం ముందు తుడవడం, ఇంటింటి అట్ట చూసుకోవడం. వాడ కబుర్ల కాగితాలన్నీ ఆ అట్టకు గుచ్చి ఇల్లిల్లూ తిప్పుతారు. చూశామన్న గుర్తుగా మన గడిలో సంతకానికి బదులు పేరు ముద్ర వేసి పక్కింటి తలుపుకు తగిలించాలి. ముద్ర ఫోను పక్కన ఖాళీ గుండీల డబ్బాలో ఉంటుంది. వచ్చిన నెలలోనే పెద్దమ్మ ఆ డబ్బా చూపించి, "నేను ఇంట్లో లేకపోతే నువ్వే వేసెయ్" అంది. ఇల్లు నాకు అప్పగించినట్టు అనిపించింది ఆ రోజు.

అక్టోబరు 9

కాలేజీ ఆఫీసులో వారానికి రెండు పూటలు కాగితాలు సర్దుతున్నాను. అక్కడి పెద్ద గుమాస్తా ఇవాళ నాకో మర్యాద నేర్పారు. కాగితం మీద కింది ఉద్యోగి ముద్ర నిటారుగా పడకూడదట. పక్క గడిలో పై అధికారి ముద్ర ఉంటుంది కదా, అటువైపు కొంచెం ఒరగాలట, తల వంచి దణ్ణం పెట్టినట్టు. ముద్ర కూడా వంగి నమస్కారం చేస్తుందంటే నాకు ఎంత ముచ్చటేసిందో! రెండు గంటలు చెత్త కాగితం మీద సాధన చేశాను.

ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పాను.

"ముద్రకి నడుముందా వంగడానికి?" అంది. "మనం వంగుతాం, మళ్ళీ లేస్తాం. కాగితం మీద వంగింది ఇంక లేవదు. పేరు నిటారుగా ఉండాలి." పెద్దమ్మ ముద్ర వేసేటప్పుడు గడి అంచుకు ఇత్తడి కొలబద్ద ఆనించి వేస్తుంది. అది కూడా మాటల పుస్తకంలో రాశాను.

అక్టోబరు 13

వ్యాసం కోసం వరసంతా తిరిగాను. నా వెంట ఒగిసొ తాత వచ్చారు. మా పక్కిల్లే. గొడుగులు బాగుచేస్తారు. మోకాలు పట్టేసి మెట్టుమెట్టుకూ ఆగుతారు, ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెబుతారు.

పాత వంతెన పిట్టగోడ మా దుకాణానికీ వాళ్ళ దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంది. వంతెన పేరు చెక్కిన రాయి సగం గోడలోకి పోయింది, బయట ఒక్క అక్షరమే కనిపిస్తుంది. మూడో అంతస్తు చివర ఒక తలుపు ఉంది. తెరిస్తే అవతల ఏమీ లేదు, ఉత్త గాలి. ఒకప్పుడు అటు సినిమా హాలు ఉండేదట, ఆ హాలు పోయింది, తలుపు మిగిలింది. పెద్దమ్మ అక్కడ తాడు కట్టి ముల్లంగి ఎండబెడుతుంది.

"రాసుకో, రాసుకో" అన్నారు తాత. "తొందరగా రాయి పండితురాలా. ఈ ఏడాది గడువు అయిపోతోంది."

"ఏ గడువు తాతా?"

"అనుమతి గడువు. పదేళ్ళకోసారి నగరానికి దరఖాస్తు పెట్టాలి. మిగిలింది ఏడిళ్ళు. అందులో ఆరిళ్ళవాళ్ళు ఇంక వద్దంటున్నారు. కప్పు కారుతోంది, మెట్లు చూస్తే ఇలా ఉన్నాయి. ఏడో ఇల్లు ఎవరిదో నీకు తెలుసుగా?"

"మాది."

"ఒక్కరు వదులుకోనన్నా పొడిగించి తీరాలని మన వరస సంఘం నియమం. మీ పెద్దమ్మ మూడేళ్ళుగా కాదంటోంది." మోకాలు రుద్దుకుని నవ్వారు. "మొండి ఘటం. దాని గుండీల్లాగే, పళ్ళతో కొరికినా ఊడదు."

రాత్రి అన్నం తినేటప్పుడు పెద్దమ్మను అడిగాను. "మిగతావాళ్ళు పోతామంటే వాళ్ళిష్టం. నేను ఆపానా? ఇల్లు ఉండనిచ్చి పోవచ్చుగా" అంది. గిన్నెలు తీస్తూ, "వేరే చోట నాకు నిద్ర పట్టదే. కింద నీళ్ళు పారాలి" అంది.

అక్టోబరు 16

పదకొండు పేజీలు! ఒక్క పూటలో. పెద్దమ్మ సరుకు కోసం నగోయా వెళ్ళింది, ఇంట్లో నేనూ కాలువా. చివరి పేరా మాత్రం కుదరడం లేదు. ఇల్లు ఉంది, ఉంది, ఉంది అని ఎన్ని పేజీలు రాసినా చివర ఏం రాయాలి?

ఇంటింటి అట్ట వచ్చింది, ముద్ర వేసి ఒగిసొ తాత తలుపుకు తగిలించాను.

ఇవాళ్టి మాట: "తిరిగి సమర్పించుకొనుట". తీసుకున్నదాన్ని ఇచ్చెయ్యడానికి ఇంత వినయమైన మాట ఉందని తెలియదు. పైకి అనుకుని చూశాను. చివర గొంతు దానంతట అదే కిందికి దిగుతుంది.

అక్టోబరు 17

చివరి పేరా కుదిరింది.

అక్టోబరు 20

వాన. కాలువ లావుగా పారుతోంది. చాప కింద ఎవరో చీర ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు ఉంది. "చీర" అని రాయకూడదేమో, ఇక్కడ ఎవరూ కట్టరు, బొమ్మల పుస్తకంలో చూశానంతే.

అక్టోబరు 24

మధ్యాహ్నం తొబారి గారు వచ్చారు. మా సంఘం పెద్ద, వరస మొదట్లో తేయాకు కొట్టు ఆయనదే. నల్లకోటు వేసుకుని, గుడ్డలో మూటగట్టిన మిఠాయి పెట్టె పట్టుకుని, తల బల్లకు తగిలేంతగా వంగారు.

"కినుయె గారూ, నాకు నోట మాట రావడం లేదు."

"రాకపోతే కూర్చోండి. వచ్చాక మాట్లాడుదురుగాని."

ఆయన నవ్వారు కాని కళ్ళు తడిగా ఉన్నాయి. "మూడేళ్ళు మిమ్మల్ని సతాయించాను. మీరు ముద్ర వేస్తారని కల్లో కూడా అనుకోలేదు. ఒప్పుకోనివాళ్ళు గడి ఖాళీగా వదిలెయ్యండని కాగితం మీద రాసిందే మీకోసం."

పెద్దమ్మ చేతిలో ముత్యపుచిప్ప గుండీల పళ్ళెం ఉంది. అది కదలలేదు. "ఏ ముద్ర?" అని అడుగుతుందని చూశాను. అడగలేదు.

ఆయన కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఏడు గళ్ళు, ఏడు ఎర్ర ముద్రలు. "మీది మూడో గడి. మీది చూశాక వెనక నాలుగిళ్ళవాళ్ళూ వేసేశారు. కినుయె గారే ఒప్పుకున్నాక ఇంకెవరు జంకుతారు? ఒగిసొ ముద్ర వేసి సంతోషంతో ఏడ్చాడట, ఇంక మెట్లు లేని ఇంట్లో హాయిగా చచ్చిపోవచ్చని." వేలు పెట్టి చూపించారు. "పైగా చూడండి. మీ ఇంటి ముద్ర నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, మీ నాన్నగారి కాలంలోనూ నిటారే. ఈసారి తల వంచింది. నా గడి వైపు. మా ఆవిడకు చూపించాను. ఆవిడ కాగితానికి దణ్ణం పెట్టింది."

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. నా వైపు చూడలేదు.

"అవును" అంది. "వంగింది."

"నవంబరు ముప్ఫైన నగర కార్యాలయంలో ఇస్తాను. ఈలోపు ఎవరి మనసైనా మారితే చెప్పండని అడగాలి. నియమం కాబట్టి అడుగుతున్నా."

"మీరు అడిగారు, నేను విన్నాను."

ఆయన వెళ్ళాక పెద్దమ్మ మిఠాయి రెండు పింగాణీ పళ్ళాల్లో పెట్టింది. ఎర్రచిక్కుడు మిఠాయి. తిన్నాం. పెద్దమ్మ పళ్ళాలు కడిగి మేడ మీదికి వెళ్ళింది. తను కూడా ఈ మధ్య మెట్లెక్కేటప్పుడు ఆయాసపడుతోంది. మనసు మార్చుకునే ఉంటుంది. లేకపోతే అప్పుడే చెప్పేది కదా.

అక్టోబరు 25

పదహారో తారీకున అట్టలో చాలా కాగితాలున్నాయి. కాలువ పూడిక తీసే తేదీ, చలికాలం జ్వరానికి సూదిమందు, ఎవరిదో తప్పిపోయిన పిల్లి. అన్నిటి మీదా వరసగా ముద్ర వేశాను. చదవలేదు. వ్యాసం హడావిడిలో ఉన్నాను.

అక్టోబరు 26

చదవలేదు.

అక్టోబరు 31

నీళ్ళు ఆగాయి. కోతలయ్యాక ఏటా పైన తూము మూసేస్తారట, మళ్ళీ ఏప్రిల్లో వదులుతారట. నాకు ఇది మొదటిసారి. పొద్దున లేవగానే చెవుల్లో ఏదో పోయినట్టనిపించింది. పెద్దమ్మ దుకాణం వెనక నేలతలుపు ఎత్తి చూసింది. నేనూ వంగి చూశాను. బురద, ఒక గొడుగు ఊచ, ఎన్నెన్నో గుండీలు. ఎన్నేళ్ళుగా జారిపడినవో.

"వేసవిలో ఒకటి పడితే టుప్ మంటుంది" అంది పెద్దమ్మ. "ఇప్పుడు పడినా తెలీదు."

తలుపు మూసి దాని మీద నిలబడింది. చాలాసేపు అక్కడే నిలబడింది.

నవంబరు 4

లెక్క వేశాను. ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. తొందరేం లేదు. ముందు పెద్దమ్మ నిజంగా ఏమనుకుంటోందో కనుక్కోవాలి, ఆ తరవాత చెప్పవచ్చు. ఒకవేళ తనకు ఇష్టమే అయితే నేను చెప్పి అనవసరంగా బాధపెట్టినట్టవుతుంది.

నవంబరు 9

వ్యాసం ఇచ్చేశాను.

నవంబరు 14

ఇసొబె మాస్టారు నా వ్యాసం చివరి పేరా క్లాసులో చదివారు. నా పేరు చెప్పకుండా చదివారు, కాని అందరికీ తెలిసిపోయింది, నా చెవులు ఎర్రబడ్డాయి కాబట్టి.

"గమనించండి" అన్నారు. "పదకొండు పేజీలు ఈ ఇల్లు ఉందని చెబుతుంది. చివర ఒక్క పేరాలో, ఇది పోబోతోందని చెబుతుంది. అంతే, వెనక చదివినదంతా బరువెక్కుతుంది. పోయేదాన్ని గురించి రాసినప్పుడే మాటకు బరువు వస్తుంది."

పక్కనున్న అమ్మాయి గొణిగింది, "నీ అదృష్టం, మా ఇల్లు గట్టిగా ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి నడిచి వచ్చాను. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆ పేరా రాసింది అక్టోబరు పదిహేడున. తొబారి గారు మా ఇంటికి వచ్చింది ఇరవై నాలుగున.

దీన్ని గురించి రేపు రాస్తాను.

నవంబరు 15

ట్రాము ఆలస్యం. చలి.

నవంబరు 20

పెద్దమ్మ సొరుగులు ఖాళీ చేస్తోంది. ఒక్కో సొరుగు మొహాన ఉన్న గుండీని దారం కోసి తీసి, కాగితంలో చుట్టి, పెన్సిల్‌తో అంకె వేస్తోంది. నేను దారాలు కోస్తున్నాను.

"ఈ మధ్య కొత్త మాటలేం దొరకలేదా?" అని అడిగింది.

"లేదు."

"ఇదివరకు రోజూ వినిపించేదానివిగా. చెవులు హోరెత్తిపోయేవి."

"చదువు ఎక్కువైంది పెద్దమ్మా."

"ఊఁ." దారం కోసింది. "చెప్పాల్సిందేమన్నా ఉంటే చెప్పు. చేతులు పని చేస్తుంటే చెవులు ఖాళీగానే ఉంటాయి."

"ఏం లేదు" అన్నాను.

ఇంకో సొరుగు తీసింది. కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద కూడా ఏమీ లేదు.

మాటల పుస్తకం నిన్నటి నుంచీ కనిపించలేదు. ఇప్పుడే దొరికింది, దుకాణం బల్ల మీదే వదిలేశానట.

నవంబరు 27

ఇంకా మూడు రోజులు.

నవంబరు 29

రేపు చెబుతాను. పెద్దమ్మకు కాదు, ముందు తొబారి గారికి చెబుతాను. ఆ ముద్ర నాది, పెద్దమ్మది కాదు, ఆ గడి ఖాళీ అనుకోండి అని చెబుతాను. వాక్యం తయారు చేసుకున్నాను. నాలుగుసార్లు మార్చాను. "ఆ గడి ఖాళీ అనుకోండి" అన్నది బాగుంది, చిన్నగా, స్పష్టంగా.

నవంబరు 30

నగర కార్యాలయం తెరిచేలోపే తొబారి గారిని పట్టుకోవాలని ఎనిమిదింటికే దిగాను. మెట్ల మలుపులో ఒగిసొ తాత కూర్చుని ఉన్నారు. పైకి వస్తూ మధ్యలో ఆగారు.

"రా పండితురాలా, నీకోసమే ఎక్కుతున్నా. ఇది చూడు."

చేతిలో తాళం చెవి. కొత్తది, మెరుస్తోంది.

"నగరంవాళ్ళు కట్టిన ఇళ్ళల్లో కింది వాటా ఇచ్చారు. గుమ్మంలో ఒక్క మెట్టు కూడా లేదు! నిన్న వెళ్ళి గుమ్మం దాటి లోపలికీ బయటికీ పదిసార్లు నడిచాను. పిచ్చాడనుకున్నారు." నవ్వుతూ నా మొహం చూసి ఆగారు. "ఏంటే? ఎక్కడికి, ఇంత పొద్దున్నే?"

"ఊరికే."

"మీ పెద్దమ్మకి నేను ఏ మొహంతో థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. గొడుగొకటి చేస్తున్నా. పదహారు ఊచల గొడుగు. ఇప్పుడెవడూ చెయ్యడు. నీకు చెప్పినట్టు చెప్పకు."

"చెప్పను."

"పట్టుకో నన్ను కాస్త, లేస్తా."

లేపాను. ఆయన బరువంతా నా భుజం మీద పడింది. మూడో అంతస్తులో ఆయన గది దాకా తీసుకెళ్ళాను, ఒక్కో మెట్టు, ఆగి, ఒక్కో మెట్టు. దిగి వచ్చేసరికి తేయాకు కొట్టు తలుపుకు బోర్డు వేలాడుతోంది: "పని మీద వెళ్ళాను, పదింటికి వస్తాను."

పరిగెత్తితే ట్రాము దొరికేది. ఆఫీసు తొమ్మిదింటికి తెరుస్తారు. పరిగెత్తలేదు. అక్కడే నిలబడి బోర్డు మళ్ళీ చదివాను.

డిసెంబరు 1

అయిపోయింది.

డిసెంబరు 8

వరసగా వారం రోజులు ఏదీ రాయలేదు. ఇవాళ మాటల పుస్తకం తెరిచాను. అక్టోబరు పదహారు, నా అందమైన చేతిరాత: "తిరిగి సమర్పించుకొనుట". కింద ఎక్కడ చూశానో కూడా రాసుకున్నాను. ప్రతి మాటకీ రాస్తాను, ఇసొబె మాస్టారు అలా అలవాటు చేశారు. "ఇంటింటి అట్ట, నాలుగో కాగితం, మూడో వరస."

నాలుగో కాగితం. పూడిక, సూదిమందు, పిల్లి, ఆ తరవాతది.

"ఈ నిర్మాణమునకు పొందిన అనుమతిని గడువు ముగిసిన పిమ్మట నగరమునకు తిరిగి సమర్పించుకొనుటకు..." ఇప్పుడు కూడా చూడకుండా రాయగలను. చదివాను. మొత్తం చదివాను. అర్థం కాలేదని రాయబోయాను ఇప్పుడే. అర్థమైంది. గడి ఖాళీగా వదిలెయ్యాలన్న మాట కూడా చదివాను. పక్కన అప్పటికే రెండు ఎర్ర ముద్రలున్నాయి, మూడో గడి ఖాళీగా వదిలి అట్టను పక్కింటి తలుపుకు తగిలిస్తే బాగుండదనిపించింది. అదొక్కటే అయితే ఎంత బాగుండేది.

ముద్ర చేతిలో ఉంది. పెద్దమ్మ ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. చివరి పేరా గుర్తొచ్చింది. ఇది పోతే పేరా కుదురుతుంది, అనుకున్నాను. అనుకుంటూనే ముద్ర కొంచెం ఒరిగించాను, తొబారి గారి గడి వైపు, కొత్తగా నేర్చుకున్న మర్యాద కదా. సరిగ్గా ఎంత ఒరగాలో అంతే ఒరిగింది. ముచ్చటేసింది కూడా.

డిసెంబరు 22

మొదటి ఇల్లు ఖాళీ అయింది. బయట పెట్టిన బీరువా మూలలు ఏటవాలుగా ఉన్నాయి, మా వరస గోడలకు తగ్గట్టు చేయించినది. బండివాళ్ళు దాన్ని ఎటు తిప్పినా నిలబడలేదు. "ఇదేం బీరువారా, తాగి ఉందా?" అన్నాడొకడు. చివరికి విరగ్గొట్టి ఎక్కించారు.

జనవరి 12

నా వ్యాసాన్ని ఊరి పత్రికలో వేశారు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివింది, మొదటి నుంచి చివరి దాకా. పత్రిక మడిచి నా చేతికిచ్చింది.

"బాగా రాశావు" అంది. "తలుపు దగ్గర ముల్లంగి సంగతి రాశావు, బాగుంది."

చివరి పేరా గురించి ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 3

ఒగిసొ తాత వెళ్ళిపోయారు. వెళ్తూ గొడుగు ఇచ్చారు. పెద్దమ్మ దుకాణం మధ్యలోనే విప్పి చూసింది. పదహారు ఊచలు, ముదురు నీలం. "వానలో వాడుకో, దాచిపెట్టకు" అన్నారు తాత. "నీ పెళ్ళికి వాడతాలే" అంది పెద్దమ్మ. ఆయన మోకాలు పట్టుకుని నవ్వారు. బండి మలుపు తిరిగేదాకా పెద్దమ్మ గొడుగు తలమీద పట్టుకునే నిలబడింది. వాన లేదు.

ఫిబ్రవరి 24

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇల్లు అప్పగించే కాగితం వచ్చింది. ప్రతి ఇంటివాళ్ళూ విడిగా ముద్ర వేసి పంపాలి. దుకాణంలో సొరుగులన్నీ ఖాళీ. మొహాన గుండీలు లేక, దారాల రంధ్రాలు మాత్రం ఉన్నాయి, నాలుగేసి, రెండేసి. పెద్దమ్మ బల్ల మీద కాగితం పెట్టి, డబ్బా తెరిచి, ముద్ర నా ముందు పెట్టింది.

"నువ్వు వెయ్యి."

"నేనా?"

"ఈ ఇంటి ముద్ర వేసేది నువ్వేగా. ముందు చదువు. పైకి చదువు."

చదవడం మొదలుపెట్టాను. చిరునామా, తేదీ, పెద్దమ్మ పూర్తి పేరు. నాలుగో వరసలో ఆ మాట వచ్చింది. అక్కడ ఆపేశాను.

 పెద్దమ్మ, కోటు తెచ్చినావిడతో మాట్లాడినట్టే మామూలుగా అంది:

"ఆ మాట నీ పుస్తకంలో ఉంది. అక్టోబరు పదహారు. బల్ల మీద వదిలేసి వెళ్ళావు. చక్కగా రాశావు, ఎక్కడ చదివావో కూడా రాశావు."

కాగితం బల్ల మీద పెట్టేశాను.

"ముద్ర వంగి ఉండటం చూసినప్పుడే తెలిసింది, నువ్వని. చదవకుండా వేసిందిలే, చిన్నపిల్ల, అనుకున్నా. పుస్తకం చూశాక అలా కూడా అనుకోవడానికి లేకపోయింది." కొలబద్ద తీసి గుడ్డతో తుడిచింది. "ముప్ఫయ్యో తారీకు దాకా చూశాను. వచ్చి చెబుతావని. చెప్పి ఉంటే తొబారి దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టుకునేదాన్ని. ఒగిసొ మోకాలి సంగతి నేనే ఏదో చూసేదాన్ని, కింది గది ఇచ్చేదాన్ని. నువ్వు రాలేదు. సరే, ఈ పిల్లకి కూడా ఇక్కడ ఉండాలని లేదేమో, ఇంక ఎవరికోసమని నేనొక్కదాన్నీ, అనుకున్నా."

"అలా కాదు పెద్దమ్మా. నాకు ఉండాలనే ఉంది."

"ఉందా?"

"ఉంది."

పెద్దమ్మ తల ఊపింది. కోపం ఉంటుందని చూశాను. అలిసిపోయి ఉంది, అంతే.

"అయితే ఇద్దరం చెప్పలేదు" అంది. "చదువు. మధ్యలో ఆపకు. ప్రతి మాటా చదువు."

చదివాను. ఆ మాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ చదివాను. చివరి చుక్క దాకా చదివాను. పెద్దమ్మ ఇత్తడి కొలబద్దను గడి అంచుకు ఆనించి పట్టుకుంది. తన రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"వంచకు" అంది.

నిటారుగా పడింది.

మార్చి 28

సామాను బండి వెళ్ళింది. అమ్మ ఊళ్ళో పెద్దమ్మకు గది చూశాం. నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయి. పెద్దమ్మ రాత్రి అక్కడ కూర్చునే ఉందట, పడుకోలేదట. అమ్మ ఫోనులో చెప్పింది.

తాళం ఇచ్చే ముందు నేను ఒక్కదాన్నే దుకాణంలోకి వెళ్ళి నేలతలుపు ఎత్తాను. జేబులో సొరుగు మొహాన ఉండే గుండీ ఒకటి ఉంది, కాలున్నది. కిందికి వదిలాను.

చప్పుడు రాలేదు. నీళ్ళు ఏప్రిల్లో వస్తాయి.